గమకానికో పోత అక్షరం

కర్ణాటక సంగీతాన్ని గమక చిహ్నాలతో సహా అచ్చులోకి ఎక్కించిన మహాగ్రంథం తెలుగు లిపిలో వచ్చింది. నూట ఇరవై ఏళ్లు గడిచాక అదే పని కంప్యూటర్‌లో చేయాలంటే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ చాలదు. సోర్స్ కోడ్ దించుకుని, మన ల్యాప్‌టాప్‌లో మనమే కట్టుకోవాలి. తెనాలి, బాపట్ల, రేపల్లె మధ్య సాగిన అలాంటి ప్రయత్నం కథ ఇది.

సంగీతం నేర్చుకునే పిల్లల దగ్గరుండే స్వరాల పుస్తకం ఏదైనా తీసి, తారస్థాయి రిషభం ఎక్కడుందో వెతకండి. రి మీద చుక్క ఉండాలి. చాలా పుస్తకాల్లో ఆ చుక్క గుడిలో కలిసిపోయి ఉంటుంది. లేదంటే పక్కనున్న గ నెత్తిన కూర్చుని ఉంటుంది. మంద్రస్థాయిలో ఇంకో తంటా. అక్కడ చుక్క కింద పడాలి. ధ అక్షరానికి అడుగున ఓ చిన్న గీత ఎలాగూ ఉంది. అరిగిన టైపులో ఆ గీతా ఈ చుక్కా కలిసి సిరా మరకలా తేలతాయి. స, గ, మ, ప పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. రి, ని, ధ మాత్రం అచ్చువాళ్లను తరతరాలుగా ఏడిపించాయి.

తెనాలిలో ట్రెడిల్ మిషన్ల కాలంలో కంపోజిటర్‌గా పనిచేసిన పెద్దాయన్ని ఈ సంగతి అడిగాను. సాధన గ్రంథమండలి స్తోత్రాల పుస్తకాలూ, నాటక సమాజాల కరపత్రాలూ ఊరూరా తిరిగిన రోజులవి. ‘‘పాటల పుస్తకం వచ్చిందంటే మాకు జ్వరం వచ్చినట్టే బాబూ’’ అన్నారాయన. ‘‘రి అనేది గుడితో కలిపి ఒకటే టైపు. దాని మీద చుక్క పెట్టే చోటేది? చుక్కల వరస విడిగా కట్టి, కింద స్వరాలకు సరిపోయేట్టు మధ్యలో స్పేసులు ఏసేవాళ్లం. ఫారం బిగించేటప్పుడు ఒక్క స్పేసు జరిగిందనుకో, చుక్క రి మీద నించి గ మీదకి పోయేది. ప్రూఫు చూసే ఆయనకి సంగీతం రాదు, మాకూ రాదు. ఇంక పట్టేదెవరు?’’

చుక్కతోనే పోతే ఫర్వాలేదు. రెండో కాలానికి స్వరాల నెత్తిన ఒక గీత, మూడో కాలానికి రెండు గీతలు. పొడిగింపుకు కామా, ఇంకా పొడిగిస్తే సెమికోలన్. తాళం అంగం ముగిస్తే ఒక నిలువు గీత, ఆవర్తనం ముగిస్తే రెండు. స్వరాల కింద సాహిత్యం. సాహిత్యంలో ఒత్తులొస్తే ఆ వరసకూ కింది వరసకూ మధ్య ఇంకాస్త జాగా. ఇన్నింటినీ సీసపు ముక్కలతో నిలబెట్టాక, అసలు ప్రాణమైన గమకం సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. గమకం గురువు గారి గొంతులో ఉంటుందిలే అని సరిపెట్టుకున్నారు.

ఎట్టయాపురంలో తెలుగు టైపులు

అలా సరిపెట్టుకోని మనిషి ఒకాయన ఉన్నాడు. సుబ్బరామ దీక్షితులు. 1839లో పుట్టి 1906లో కన్నుమూశారు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులకు దౌహిత్రుడు, దత్తపుత్రుడు కూడా. ఎట్టయాపురం సంస్థానంలో ఆస్థాన విద్వాంసులు. 1904లో అక్కడి విద్యా విలాసిని ముద్రణాలయం నుంచి ఆయన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ వెలువడింది. రెండు సంపుటాలు, పదిహేడు వందల పేజీల పైమాటే. అచ్చయిన ఊరు తమిళనాడు దక్షిణపు కొసన ఉంది. అచ్చయిన లిపి మాత్రం తెలుగు. మద్రాసులోనూ అప్పటికే తెలుగు లిపిలో సంగీత గ్రంథాలు వస్తున్నాయి. వీణ రామానుజయ్య ‘సంగీత సర్వార్థ సార సంగ్రహం’ 1859 నాటిది. ఆ తర్వాత తచ్చూరు సింగరాచార్యుల సోదరులు ఒకదాని వెంట ఒకటి స్వరపుస్తకాలు తెచ్చారు. పుస్తకం చూసి పాడుకోవడమనే అలవాటు దక్షిణాదిలో తెలుగు అచ్చుతోనే బలపడిందన్నమాట.

దీక్షితులవారు వాళ్లెవరూ చేయని పని ఒకటి చేశారు. ఒక్కో గమకానికి ఒక్కో గుర్తు పెట్టారు. కంపితానికి అలల గీత. స్ఫురితానికి త్రికోణంలా మూడు చుక్కలు, ప్రత్యాఘాతానికి అవే తలకిందులుగా. నొక్కుకు వంకరటింకర గీత, రవకు ఇంటికప్పు ఆకారం, ఖండింపుకు లెక్కల్లో వర్గమూలం గుర్తు లాంటిది, వళికి వంపు. పైకి పోయే ఏట్రజారుకు ఒకవైపు వాలుగీత, కిందికి దిగే ఇరక్కజారుకు రెండోవైపు వాలుగీత. ఒదుక్కల్‌కు ఇంటూ గుర్తు, ఒరికైకి పంగలకర్ర లాంటి గుర్తు. ఇవేవీ మామూలు తెలుగు టైపు కేసులో దొరికే సరుకు కాదు. స్వరాల వరస మీద వీటిని కూర్చి, వాటిపైన కాలం గీతలు నిలిపి, పదిహేడు వందల పేజీలు లాక్కొచ్చిన ఆ కంపోజిటర్లు ఎవరో గానీ వాళ్లకు దండం పెట్టాలి.

ఆ పుస్తకం వెనక ఇంకో మనిషి ఉన్నాడు. మద్రాసు సచివాలయంలో ఉద్యోగం చేసిన ఎ.ఎం. చిన్నస్వామి మొదలియారు. మన కీర్తనలను పాశ్చాత్యుల అయిదు గీతల లిపిలో అచ్చువేయాలని 1893లో సొంతంగా పూనుకున్నవాడు. దీక్షితులవారి దగ్గరున్న సంపదంతా ప్రపంచానికి అందాలని పట్టుబట్టి, ఎట్టయాపురం రాజావారి చేత ‘సరే’ అనిపించడంలో ఆయన పాత్ర పెద్దది. అయిదు గీతలా, స రి గ మలా అనే వాదులాట మనకు కంప్యూటర్‌తో వచ్చిందేమీ కాదు.

ఆర్కెస్ట్రా కుర్రాళ్ల పని

నెదర్లాండ్స్‌లో ఆర్కెస్ట్రాలో వాయించే ఇద్దరు కుర్రాళ్లు, హాన్-వెన్ నీన్‌హుయిస్, యాన్ న్యూవెన్‌హైజెన్, 1996లో లిలీపాండ్ అనే సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టారు. వాళ్ల కోపం ఒక్కటే. పాత రోజుల్లో చేత్తో లోహపు పలకల మీద చెక్కి అచ్చువేసిన స్వరపత్రాలు కంటికి హాయిగా ఉంటాయి, కంప్యూటర్ నుంచి వచ్చినవి యంత్రంలా ఉంటాయి. ఎందుకు? బారెన్‌రైటర్ సంస్థ 1950లో వేసిన బాఖ్ చెల్లో స్వరపత్రాన్ని పక్కన పెట్టుకుని, కొత్తగా కంప్యూటర్‌లో కూర్చినదానితో గీత గీతా పోల్చి చూశారు. గీతల మందం, స్వరాల మధ్య ఎడం, గుండ్రాల వంపు, అన్నీ. చెక్కేవాడి కన్ను నేర్చుకున్న సూత్రాలను ప్రోగ్రాంలోకి దించడానికి కూర్చున్నారు. సంగీత చిహ్నాలకు ఫేటా అనే సొంత ఫాంటు గీశారు. ప్రాచీన చర్చి సంగీతం చిహ్నాలకు పార్మెసాన్. రెండూ కలిపిన మూటకు ఎమెంటాలర్. అన్నీ జున్నుల పేర్లే. ఎమెంటాలర్ ఎనిమిది సైజుల్లో ఉంటుంది. అక్షరం చిన్నదయ్యేకొద్దీ గీతలు కాస్త లావెక్కుతాయి. సీసపు టైపు పోతపోసేవాళ్లకు తెలిసిన కిటుకే అది. ఒకే బొమ్మను కుదించి వాడేస్తే చిన్న అక్షరం సన్నబడి కాగితం మీద కనబడకుండా పోతుంది.

లిలీపాండ్‌లో మౌస్‌తో స్వరాలు లాగి పెట్టడం ఉండదు. మామూలు ఉత్తరం టైపు చేసినట్టు స్వరాల పేర్లు టైపు చేస్తే, అది చదివి పీడీఎఫ్ తయారుచేసి ఇస్తుంది. గ్నూ ప్రాజెక్టులో భాగం కాబట్టి ఉచితమే, దాని సోర్స్ కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. ఈ మాట ఎంత బరువైనదో 2024 ఆగస్టులో తెలిసొచ్చింది. ముప్పయి అయిదేళ్లు సంగీతకారులు వాడిన ఫినాలే అనే వాణిజ్య సాఫ్ట్‌వేర్‌ను ఇక ఆపేస్తున్నామని దాన్ని తయారుచేసే కంపెనీ ప్రకటించింది. ఏళ్ల తరబడి అందులో రాసుకున్నవాళ్లు ఫైళ్లన్నీ వేరే రూపంలోకి మార్చుకునే పనిలో పడ్డారు. లిలీపాండ్ ఫైలు ఉత్త టెక్స్టు. దాన్ని తయారుచేసినవాళ్లు రేపు దుకాణం కట్టేసినా నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు.

మరి మనకు దానితో పనేమిటి? రేపల్లెలో సంగీతం చెప్పే ఓ అమ్మగారి దగ్గర చేతిరాత నోటుపుస్తకాలు ఓ అలమరా నిండా ఉన్నాయి. వాళ్ల గురువుగారి పాఠం, గమకం గుర్తులతో సహా. పెనుమూడి వారధి దాటితే అవతల కృష్ణా జిల్లా. త్యాగరాజ శిష్య పరంపరను ఆంధ్రదేశంలో నాటిన సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారి పెదకళ్లేపల్లి అక్కడే ఉంది. అక్కడే క్షేత్రయ్య మువ్వ, అక్కడే కూచిపూడి. ఏటి ఇవతల ఒడ్డున ఇలాంటి నోటుపుస్తకాలు ఉండటంలో వింతేమీ లేదు. వాటిని టైపు చేయించాలని ఆవిడ డీటీపీ సెంటర్లు తిరిగారు. ‘అను’ ఫాంట్లలో స్వరాలు బాగానే వచ్చాయి, గమకాలు రాలేదు. చివరకు ఆ నోటుపుస్తకం బాపట్లలో ఇంజనీరింగ్ చదువుతున్న ఆవిడ శిష్యుడి చేతికి వచ్చింది.

‘మేక్’ అని కొట్టాక

లిలీపాండ్ కావాలంటే ఉబుంటులో ఒక్క కమాండుతో వచ్చేస్తుంది. కట్టిన ఇల్లు, తాళంచెవి చేతికిస్తారు. ‘‘మరి సోర్స్ నుంచి కంపైల్ చేసి కట్టుకోవడం ఎందుకయ్యా?’’ అని ఆ కుర్రాణ్ణి అడిగాను. ‘‘అందులో నొక్కు లేదండీ’’ అన్నాడు.

నిజం చెప్పాలంటే సగం పని కంపైల్ చేయకుండానే అయిపోతుంది. అయిదు గీతలు తీసేయొచ్చు. గుండ్రటి స్వరానికి బదులు తెలుగు అక్షరం వేయించొచ్చు. అందుకు స్కీమ్ అనే భాషలో నాలుగు ముక్కలు రాస్తే చాలు. గమకం గుర్తును బొమ్మలా గీసి అతికించొచ్చు కూడా. అయితే ఆ గుర్తు ఎనిమిది సైజుల్లోనూ మిగతా చిహ్నాలతో సమంగా లావెక్కాలన్నా, పక్క గుర్తుకు తగలకుండా తనంతట తాను జరగాలన్నా ఫాంటులోనే పుట్టాలి. ఫాంటు పుట్టేది కంపైల్ చేసేటప్పుడే. ఎట్టయాపురంలో టైపు పోసుకున్నట్టు ఇక్కడా పోసుకోవాల్సిందే.

వేసవి సెలవుల్లో ఓ మధ్యాహ్నం, కరెంటు ఉన్నప్పుడు, ఆ పని పక్కన కూర్చుని చూశాను. సోర్స్ కోడ్ గిట్‌ల్యాబ్‌లో ఉంటుంది. అక్కడి నుంచి దించుకుని, లోపల బిల్డ్ అని ఖాళీ ఫోల్డర్ తెరిచి, అందులో నుంచి పని నడపాలి. సోర్స్ ఉన్నచోటే కంపైల్ చేస్తే రెండూ కలగాపులగమవుతాయి. మొదట ఆటోజెన్. తర్వాత కాన్ఫిగర్. ఈ కాన్ఫిగర్ అనేది పెళ్లికి సరుకుల జాబితా చూసే పెద్దమనిషి. ఇంట్లో ఏముందో ఏం లేదో ఒక్కొక్కటే అడుగుతూ పోతుంది. సీ ప్లస్ ప్లస్ కంపైలర్ ఉందా, పైథాన్ ఉందా, ఫ్లెక్స్, బైసన్ ఉన్నాయా, గైల్ ఏ వెర్షను, పాంగో ఉందా, ఫాంట్‌ఫోర్జ్, మెటాపోస్ట్, టీవన్ యుటిల్స్, టెక్స్‌ఇన్ఫో ఉన్నాయా. లిలీపాండ్ కాన్ఫిగర్‌లో ఓ మంచి గుణం ఉంది. ఒకటి లేకపోగానే ఆగిపోదు. లేనివన్నీ మూటగట్టి చివర్లో ఒకేసారి చెబుతుంది. మావాడి ల్యాప్‌టాప్‌లో ఆ జాబితా తెర సగం వచ్చింది. మెటాపోస్ట్ కావాలంటే టెక్ లైవ్ దించాలి. అది జీబీల సరుకు. రేపల్లెలో మొబైల్ డేటా మీద అది దిగేసరికి సాయంత్రమైంది. సెంచురీ స్కూల్‌బుక్ తరహా ఫాంట్లు ఓపెన్‌టైప్ రూపంలో కావాలంది. అవి డిస్కులో వేరే చోట ఉన్నాయి, దారి చేత్తో చూపించాల్సి వచ్చింది.

ఇంకో జాగ్రత్త. కాన్ఫిగర్‌కు ప్రిఫిక్స్ అనే మాట ఇచ్చి, హోం ఫోల్డర్‌లోకే ఇన్‌స్టాల్ చేయమని చెప్పాలి. అలా చేస్తే అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కర్లేదు. కాలేజీ ల్యాబుల్లో కూర్చుని చేసుకునేవాళ్లకు ఇదొక్కటే దారి. పైగా ఏదైనా తేడా కొడితే ఆ ఫోల్డర్ తీసేస్తే సరి, మిగతా సిస్టమ్‌కు మైల తగలదు.

గైల్ దగ్గర ఓ కథ ఉంది. లిలీపాండ్ ఎముకలు సీ ప్లస్ ప్లస్‌వి, కండ స్కీమ్‌ది. స్కీమ్‌ను నడిపే ఇంజనే గైల్. ఆ ఇంజను కొత్త వెర్షన్లకు మారితే లిలీపాండ్ పాత 1.8 దగ్గరే చాలాకాలం ఉండిపోయింది. పాతది మేం మోయలేమని డెబియన్ అనే లినక్స్ పంపిణీ వాళ్లు అనేశారు. దాంతో 2017లో వచ్చిన డెబియన్ 9లో లిలీపాండ్ లేకుండా పోయింది. ఆ రోజుల్లో కావాలనుకున్నవాళ్లలో చాలామంది పాత గైల్‌ను కూడా సోర్స్ నుంచి కట్టుకుని దానిమీద దీన్ని కట్టుకున్నారు. 2022 డిసెంబరులో 2.24 వెర్షను గైల్ 2.2కు మారాక గానీ ఆ చిక్కు వీడలేదు. అందుకే ఇప్పుడు కట్టే కమాండు మేక్ అయ్యాక మేక్ బైట్‌కోడ్ అని ఇంకో మెట్టు ఉంది. అది ఎక్కకపోయినా పనిచేస్తుంది, కానీ ప్రతి పాటకూ నిద్రలేవడానికి తెగ బద్ధకిస్తుంది. వెర్షను నంబర్లలో మధ్య అంకె సరిసంఖ్య అయితే స్థిరమైనది, బేసి అయితే ఇంకా పనిలో ఉన్నది. కొత్తవాళ్లు సరిసంఖ్యతో మొదలుపెట్టడం మేలు.

ఇక మేక్. నాలుగు కోర్లనూ వాడుకోమని చెప్పి ఎంటర్ కొట్టాక తెర మీద వరసలు పరుగెత్తాయి. మధ్యమధ్య హెచ్చరికలు వస్తుంటాయి. వాటిని చూసి కంగారుపడక్కర్లేదు, ఎర్రర్ అని ఆగితేనే పని. సీ ప్లస్ ప్లస్ ఫైళ్లు అయ్యాక నాకు నచ్చిన ఘట్టం వచ్చింది. ఎంఎఫ్ అనే ఫోల్డర్‌లో ఫేటా చిహ్నాల వివరాలుంటాయి. అవి బొమ్మలు కావు, సూత్రాలు. కలం మొన ఇంత వెడల్పు, ఈ బిందువు నుంచి ఆ బిందువుకు ఈ వంపుతో లాగు అని. డోనల్డ్ క్నూత్ తన పుస్తకాలు అచ్చులో అందవికారంగా వచ్చాయని విసిగిపోయి, 1970ల చివర్లో టెక్‌తో పాటు తయారుచేసిన మెటాఫాంట్ పద్ధతి ఇది. మెటాపోస్ట్ ఆ సూత్రాలను గీతలుగా మారుస్తుంది, ఫాంట్‌ఫోర్జ్ వాటిని ఫాంటుగా బిగిస్తుంది. పదకొండు, పదమూడు, పద్నాలుగు, పదహారు... ఇరవై ఆరు దాకా ఒక్కో సైజూ తెర మీద పేరు చెప్పుకుంటూ పోతపోసుకుంది.

చివర్లో మేక్ ఇన్‌స్టాల్. మేక్ డాక్ అని కొడితే మాన్యువళ్లు కూడా అక్కడే తయారవుతాయి గానీ గంటల తరబడి ల్యాప్‌టాప్ కాగిపోతుంది. మాన్యువల్ నెట్‌లో ఉండగా ఆ పని పెట్టుకోవడం దండగ. మేక్ చెక్ మాత్రం చేసి తీరాలి. వెయ్యికి పైగా చిన్న చిన్న స్వరపత్రాలను అచ్చువేసి, మనం చేసిన మార్పు వల్ల ఎక్కడైనా పాతవి చెడ్డాయా అని పోల్చుకునే ఏర్పాటు అది. ప్రూఫు చూసే ఆయనకి సంగీతం రాదన్న బెంగ ఇక్కడ లేదు.

వేంకటమఖి ముందే చేసిన ఏర్పాటు

అసలు తలనొప్పి కంపైల్‌లో రాలేదు, స్వరాల పేర్లలో వచ్చింది. లిలీపాండ్‌కు స్వరాల పేర్లు ముందుగా డచ్చిలో తెలుసు. తర్వాత జర్మన్, ఇటాలియన్, స్పానిష్, ఫ్రెంచి... యూరప్ భాషలు ఓ డజను దాకా ఉన్నాయి. స రి గ మలు లేవు. చేర్చడం కష్టం కాదు, అది స్కీమ్‌లో ఓ పట్టిక. ఇన్‌పుట్ అంతా యూనికోడ్ కాబట్టి తెలుగు అక్షరాలనే స్వరాల పేర్లుగా ఇవ్వొచ్చు. మావాడు మాయామాళవగౌళ సరళీ స్వరాలు రాశాడు. మన పుస్తకాల్లో రాసినట్టే స, రి1, గ3, మ1, ప, ధ1, ని3 అని.

అచ్చులో వచ్చింది చూసి అమ్మగారు నవ్వాపుకోలేకపోయారు. రి ఒకటి నాలుగు అక్షరాల కాలం సాగదీసి కూర్చుంది. గ మూడు దగ్గర ప్రోగ్రాం అసలు ఒప్పుకోలేదు. లిలీపాండ్‌లో స్వరం పక్కన అంకె వేస్తే అది కాలప్రమాణం. ఒకటి అంటే పూర్తి స్వరం, నాలుగు అంటే అందులో నాలుగో వంతు. మూడు అనే కాలం దాని లెక్కలోనే లేదు. మనకేమో అంకె అంటే స్వరస్థానం. శుద్ధ రిషభమా చతుశ్రుతి రిషభమా అన్నది అంకెతోనే తెలుస్తుంది.

‘‘అంకెలెందుకురా, వేంకటమఖి చెప్పినట్టు రాయి’’ అన్నారు అమ్మగారు. ర, రి, రు. గ, గి, గు. మ, మి. ధ, ధి, ధు. న, ని, ను. శుద్ధ రిషభం ర, చతుశ్రుతి రి, షట్శ్రుతి రు. గాంధారాల్లో శుద్ధం గ, సాధారణం గి, అంతరం గు. డెబ్బై రెండు మేళకర్తల లెక్క కట్టిన వేంకటమఖి సంప్రదాయంలోది ఈ ఏర్పాటు. దీక్షితులవారి పుస్తకంలో ఒక్కో మేళానికీ మొదట్లో స్వరాలను సూచించింది ఇలాగే. మాయామాళవగౌళ అంటే స ర గు మ ప ధ ను. అంకె లేదు, అక్షరమే స్వరస్థానం చెబుతుంది. పట్టికలో ఈ పదహారు పేర్లూ చేర్చి నడిపితే మొదటిసారే సరిగ్గా వచ్చింది. ఒక్క సవరణ మిగిలింది. లోపల గు అని రాసినా కాగితం మీద గ అనే పడాలి. అదీ రెండు వరసల పనే.

నాకు భట్టిప్రోలు గుర్తొచ్చింది. తెనాలి నుంచి రేపల్లె పాసింజరు ఎక్కితే దారిలో తగిలే స్టేషనే. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపంలో తవ్వి తీసిన ధాతు కరండాల మీది రాతలను బ్యూలర్ చదివాడు. బ్రాహ్మిలో హల్లు ఒట్టిగా రాస్తే అందులో అకారం ఉన్నట్టే లెక్క. భట్టిప్రోలు లిపిలో అలా కాదు, అకారానికి కూడా విడిగా గుర్తు పెట్టారు. ఒట్టి హల్లు ఒట్టి హల్లే. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దం నాటివని చెప్పే రాతల్లో ఇంత కచ్చితమైన లెక్క! ఊహించుకోవడానికి వదలకుండా ప్రతిదీ రాసి చూపమనడం కంప్యూటర్‌కు మాత్రమే ఉన్న చాదస్తం కాదు.

తెలుగును బయటివాళ్ల యంత్రాలు ఎంత అరకొరగా అర్థం చేసుకుంటాయో చెప్పడానికి 2018 ఫిబ్రవరి చాలు. జ్ఞా అనే అక్షరం ఓ ప్రత్యేక పద్ధతిలో టైపై మెసేజ్‌లో వస్తే ఐఫోన్లు కుప్పకూలాయి. యాపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. లిలీపాండ్ అక్షరాలను పాంగోకు అప్పజెబుతుంది, పాంగో లోపల హార్ఫ్‌బజ్ ఉంటుంది. అందువల్ల ఒత్తులూ గుణింతాలూ ఇబ్బంది లేకుండా కుదురుతాయి. సాహిత్యం చక్కగా వచ్చింది. చుక్కల దగ్గర మాత్రం పాత పేచీయే. యూనికోడ్‌లో అక్షరం మీద పెట్టే చుక్క ఉన్నా, తెలుగు ఫాంట్లు చాలావాటిలో ఆ చుక్క ఎక్కడ ఆగాలో చెప్పే గుర్తు ఉండదు. రి మీద పెట్టింది పక్కకు జారుతుంది. అందుకని చుక్కను అక్షరానికి తగిలించకుండా, స్వరం మీద విడి చిహ్నంగా లిలీపాండ్ చేతే పెట్టించారు. గుడి ఎంత ఎత్తుందో అది కొలుచుకుని, దానిపైన జాగా వదిలి పెడుతుంది. తెనాలి కంపోజిటర్ గారు చుక్కల వరస విడిగా కట్టిన ఉపాయమే ఇది. స్పేసు జరిగే భయం ఒక్కటే లేదు. శీర్షికలకు సిలికానాంధ్ర వెలువరించిన ‘తెనాలి రామకృష్ణ’ ఫాంటు వాడాలని నేనే పట్టుబట్టాను. ఊరి అభిమానం.

నొక్కు

ఫేటాలో పాశ్చాత్యుల అలంకారాలకు గుర్తులు బోలెడు ఉన్నాయి. ట్రిల్లుకు వాడే అలల గీత మన కంపితానికి అలాగే పనికొచ్చింది. ప్రాల్ అనే వంకర గీత నొక్కుకు దగ్గరగా ఉంది గానీ అది బాగా కోసుగా, గోథిక్ అక్షరంలా ఉంటుంది. దీక్షితులవారి నొక్కు అంత కరుకుగా ఉండదని అమ్మగారి మాట. స్క్రిప్టుల ఫైలులో ప్రాల్ సూత్రాన్ని నకలు తీసి, మొనలు తగ్గించి, కలం వెడల్పు మార్చి, కొత్త పేరు పెట్టి మళ్లీ మేక్ కొట్టారు. మొదటిసారి కప్పలా వచ్చింది. బిందువు ఒకదానికి ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. సరిచేశాక పర్వాలేదు. వళికి మూడు బిందువుల వంపు చాలు. జారులకు వాలుగీతలు. రవ, ఖండింపు తేలికే.

ఇదంతా చూసి ఎవరైనా ‘గమకం కాగితం మీద పట్టుబడుతుందా?’ అని అడగొచ్చు. పట్టుబడదు. నొక్కు గుర్తు చూసి నొక్కు పలికించగలవాడు ఆ నొక్కు ముందే విన్నవాడై ఉంటాడు. శ్రీపాద పినాకపాణి గారు తితిదే ప్రచురించిన నాలుగు సంపుటాల ‘సంగీత సౌరభం’లో ఇంకో దారి పట్టారు. గమకంలో దొర్లే స్వరాలను విప్పి రాశారు. చదవడానికి కష్టం, కానీ పట్టుకున్నవాడికి బంగారం. రెండు దారులూ ఒకే అచ్చులో, కావలసినవాడికి కావలసినట్టు రావాలంటే మూలం ఒకటై ఉండాలి, రూపాలు రెండై రావాలి. టెక్స్టు ఫైలుగా రాసుకునే పద్ధతిలో అది సాధ్యం. ఒకే పాటను తెలుగు స్వరాల్లోనూ, వయొలిన్ నేర్చుకునే అమెరికా మనవడి కోసం అయిదు గీతల్లోనూ తీయొచ్చు. మొదలియారు, దీక్షితులు విడివిడిగా పడ్డ శ్రమ ఒకే ఫైలులో కుదురుతుంది.

సంగీతం క్లాసు బయట కూడా దీనికి గిరాకీ ఉంటుందని నా అంచనా. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో పాట నెత్తిన రాగం, తాళం పేర్లుంటాయి, స్వరం ఉండదు. పురుషోత్తమ చౌదరి వంటివారు మన బాణీల్లో రాసిన ఆ కీర్తనలు గుంటూరు, రేపల్లె లూథరన్ చర్చిల్లో ఇప్పటికీ చెవినపడి నేర్చుకునేవే. నాటకాల సంగతి ఇంకా అన్యాయం. బాపట్లలో పుట్టి తెనాలి శ్రీరామ విలాస సభ రంగస్థలం మీద వెలిగిన స్థానం నరసింహారావు ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామగా పాడిన బాణీ ఏ హార్మోనిస్టు దగ్గర స్వరపరిచి ఉంది? విన్నవాళ్లు పోతున్నారు.

లిలీపాండ్ తొలి ఇద్దరిలో ఒకరైన యాన్ ఆ తర్వాత ఇంకా వింత పనిలో పడ్డాడు. కంపైలర్‌ను కంపైల్ చేసే కంపైలర్ ఎక్కడిది, దాన్ని నమ్మేదెలా అని తవ్వుకుంటూ వెళ్లి, గ్నూ మెస్ అనే పనికి శ్రీకారం చుట్టాడు. 2023లో గ్నూ గిక్స్ అనే మరో ప్రాజెక్టు ఆ దారిలో 357 బైట్ల చిన్న విత్తనం నుంచి మొత్తం సిస్టమ్‌ను కట్టగలిగింది. స్వరపత్రం అందంగా రావాలని మొదలుపెట్టిన మనిషి అక్కడిదాకా వెళ్లడం నాకు ఆశ్చర్యంగా లేదు. సోర్స్ చూసే అలవాటు పడితే ఆగడం కష్టం.

ప్రస్తుతానికి ఒదుక్కల్, ఒరికై మిగిలాయి. ఒరికై గుర్తు స్వరం మీద పడాలా, రెండు స్వరాల మధ్యనా అని గురుశిష్యులకు తేలలేదు. పాత అచ్చు ప్రతి తెప్పించి చూస్తారట. ఈలోగా అమ్మగారు కోరిక ఒకటి బయటపెట్టారు. పిళ్లారి గీతాల నుంచి వర్ణాల దాకా వరసగా వేయాలి, కానీ ఈ నిలువు పేజీ వద్దు. పిల్లలు ముందు పెట్టుకుని తొడ మీద తాళం వేస్తూ చూసేలా, ఆది తాళం ఆవర్తనం ఒక వరసలో పట్టేలా అడ్డంగా ఉండాలి.

‘‘దానికి మళ్లీ ఆ మేక్ ఏదో కొట్టాలా?’’ అని అడిగారు.

‘‘అక్కర్లేదమ్మా, పేపరు సైజు దగ్గర ఒక్క మాట చేరిస్తే చాలు’’ అన్నాడు మావాడు.